మతములన్నియు... మాసిపోవునా, సమసిపోవునా?

జయనగర్ శ్రోత: పోయిన ఆదివారం మన బెంగళూరు ఫ్రీడమ్ పార్కులో, మతం పేరిట జరుగుతున్న హత్యలకు నిరసనగా సభ పెట్టారు. అన్నీ కన్నడ పాటలే. చివర్లో ఒక బృందం డప్పు అందుకుని తెలుగు పాట ఎత్తుకుంది. చరణాలు వాళ్లు కట్టుకున్నవే గానీ పల్లవి "మతములన్నియు ... పోవును, జ్ఞానమొక్కటి నిలిచి వెలుగును". ఆ మధ్య మాట మీదే సరిగ్గా దెబ్బ పడింది. నాకు "సమసి" అని వినపడింది, మా ఆవిడ "మాడి" అంటుంది. చదివినదే, నోట్లో ఆడుతోంది, రావడం లేదు.

మల్లేశ్వరం మాస్టారు: "మాసిపోవును". గురజాడ ముత్యాల సరాలు, 1910, తోకచుక్క కనబడిన ఏడు. పై పాదాలు తలుచుకోండి, "ఎల్ల లోకము వొక్క యిల్లై, వర్ణభేదము లెల్ల కల్లై". మాట అదే వచ్చేస్తుంది.

హెబ్బాళ్ ఛందస్సు: మాస్టారూ, పాఠం మీరన్నదే. కానీ మూడూ నాలుగూ మాత్రల నడకలో "సమసి", "మాడి" కూడా చక్కగా ఒదుగుతాయి. అందుకే పాడేవాళ్ల నోట మారిపోతుంటుంది. "మాసి"ని నిలబెట్టేది మాత్రల లెక్క కాదు, మత-మాసి అన్న ఆ మకారం.

కోలారు ఆడపడుచు: పాఠం తేలింది సరే, అర్థం? మాసిన బట్ట, మాసిన తల, మాసిన గడ్డం. మతాలు మురికి పడతాయనా ఆయన అన్నది? మా కోలారులో రెండు భాషలూ ఒకే నోట ఆడతాయి. కన్నడంలో మురికి బట్టకు "మాసిద బట్టె" ఉంది, చెరగని జ్ఞాపకానికి "మాసద నెనపు" ఉంది, "గాయ మాయితు" కూడా ఉంది. గాయం మానిందని. తెలుగులోనూ మాయని గాయం అంటాం కదా. నాకైతే ఆ అర్థమే పట్టుకుంది. మతాలు పెట్టిన పుండు మానిపోతుందని.

మల్లేశ్వరం మాస్టారు: అమ్మా, పుండు అన్న మాట పద్యంలో ఎక్కడుంది? మాసేది మతమే, అది పెట్టిన గాయం కాదు. మాయని మచ్చ అంటామే, ఆ మాయడమే ఇది. చెరిగిపోవడం.

వైట్‌ఫీల్డ్ విజయనగరం: మా వైపు పుండు "మానింది" అనే అంటారు. మాసింది అంటే బట్టే, తలే. వాడుక భాష కోసం 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసిన మనిషి ఇంట్లో మాట వదిలి నిఘంటువు అర్థం వెతుక్కుంటాడా?

హెబ్బాళ్ ఛందస్సు: అదే పద్యాన్ని "విలసిల్లున్" అని ముగించాడు, అదీ ఇంట్లో మాటేనా?

కోలారు ఆడపడుచు: ఇంకో చిక్కు. "అన్నదమ్ముల వలెను జాతులు మతములన్నీ మెలగవలెనోయ్" అన్నదీ ఈయనే. మాసిపోయేవాటికి మెలగడం దేనికి?

బసవనగుడి పాఠకుడు: ఆ చిక్కు "మాసి" అన్న మాటే విప్పుతుంది, కాస్త నిలబడి చూడండి. మాయు, మాపు. రూపుమాపడం అంటే ఒకడు పూనుకుని చెయ్యాలి. మాసిపోవడానికి చేసేవాడు అక్కర్లేదు. మాపుదము అనలేదు, కాల్చుదము అనలేదు. దానికి ముందు పాదాలేమిటి? "ప్రేమబంధము వేడుకలు కురియ". ముందు అది కురవాలి, తర్వాతే ఇది మాసేది. అన్నదమ్ముల్లా మెలిగితే మధ్యనున్న గీత దానంతటదే చెరుగుతుంది. పాత్రికేయురాలు గౌరీ లంకేశ్‌ను 2017 సెప్టెంబరు 5న రాజరాజేశ్వరి నగర్‌లో ఆమె ఇంటి ముందే కాల్చేసిన ఊరు మనది. ఇక్కడ నిరసన పాటలో ఎవరినో మాపే క్రియ ఉండకూడదు. "మాడి" అని పాడితే ఎవరో నిప్పు పెట్టాలి. అందుకే ఆ పొల్లు మాట నాకు చెవిలో ముల్లు. బసవన్న "దయవే ధర్మద మూలవయ్య", దయే ధర్మానికి మూలం, అన్న నేల మీద గురజాడ మాట సరిగ్గా పలకాలి.

హెబ్బాళ్ ఛందస్సు: బసవన్న దాకా వెళ్లారు గనక జాషువాను వదలొద్దు. "కులమతాలు గీచుకున్న గీతల జొచ్చి పంజరాన గట్టువడను నేను". చెరిగే గీత కాదు, ఆయన అసలు లోపలికే రానన్నాడు. నాకు గురజాడ కంటే ఇదే గట్టి మాట. చివర "నాకు తిరుగులేదు విశ్వనరుడ నేను".

మల్లేశ్వరం మాస్టారు: "తరుగులేదు". లోకం ఎలా నిర్ణయించినా నాకు వచ్చే లోటు లేదని. తిరుగు అంటే బింకం, తరుగు అంటే నిబ్బరం. జాషువాది నిబ్బరం.

హెబ్బాళ్ ఛందస్సు: తిరుగు కూడా నిబ్బరమే మాస్టారూ. ఆటవెలదికి రెండూ సరిపోతాయి.

వైట్‌ఫీల్డ్ విజయనగరం: జాషువాకు వేరే చర్చ పెట్టండి. "సమసి" సంగతి తేలలేదింకా. సమసిపోవడానికీ చేసేవాడు అక్కర్లేదు కదా. బసవనగుడి వారి వాదన దానికీ సరిపోతుంది.

బసవనగుడి పాఠకుడు: సరిపోతుంది. కానీ సమసేది ఒక్కసారిగా. మాసేది రోజురోజుకీ.

జయనగర్ శ్రోత: బృందంలో పాడినాయనతో మాట్లాడాను. "మాసి"యే అన్నారు, సంతోషం. అయితే పై పాదాన్ని "వేళ నెరుగని ప్రేమబంధము" అని పాడుతున్నారట. నా దగ్గరున్న పుస్తకంలో "వేల" అని ఉంది. హద్దెరుగని ప్రేమా, వేళ ఎరుగని ప్రేమా?