ఇథనాల్ ఇంజన్‌కి ఇంజెక్షన్ టైమింగ్ ఎక్కడ పెట్టాలి?

కావలి స్టూడెంట్:
అన్నలూ, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి 150 సీసీ బైక్ ఇంజన్‌ని పూర్తిగా ఇథనాల్ మీద తిప్పుతున్నాం. ఐడిల్ బాగుంది, కానీ పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొరాయిస్తోంది, 6000 ఆర్‌పీఎం దగ్గర గొంతు పట్టేసినట్టు ఆగిపోతోంది. ఇంధనం పెంచాం గానీ ఇంజెక్షన్ మొదలయ్యే డిగ్రీ (క్రాంక్ తిరిగే కోణం) పెట్రోల్‌దే ఉంచాం. ఇంధనాన్ని ఇన్‌టేక్ వాల్వ్ మూసి ఉన్నప్పుడు కొట్టాలా, తెరిచినప్పుడా?

ఒంగోలు ట్యూనర్:
తమ్ముడూ, ఆ రెండూ వేరువేరు జబ్బులు. కిలో పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు, అంటే అదే గాలికి 1.6 రెట్ల ఇంధనం పోయాలి, పాత ఇంజెక్టరే అయితే అది తెరుచుకుని ఉండే టైమూ దాదాపు అంతే పెరుగుతుంది. 6000 దగ్గర ఒక సైకిల్ మొత్తం 20 మిల్లీసెకన్లే. మొదలయ్యే డిగ్రీ కదపకుండా పొడవు పెంచుకుంటూ పోతే చివర్లో పడాల్సింది వాల్వ్ మూసుకున్నాక పడి తర్వాతి సైకిల్‌కి పోతుంది. అందుకని ముగిసే డిగ్రీ ఫిక్స్ చెయ్, మొదలు దానికి తగ్గట్టు ముందుకి జరగనీ. అంతకన్నా ముందు డ్యూటీ సైకిల్, అంటే ఒక సైకిల్ టైమ్‌లో ఇంజెక్టర్ తెరుచుకుని ఉండే వాటా, చూడు, 85 శాతం దాటుతుంటే ఏ టైమింగూ కాపాడదు, పెద్ద ఇంజెక్టర్ వెయ్యాల్సిందే.

పొద్దుటి సంగతికొస్తే, ఆవిరి కావడానికి ఇథనాల్ పెట్రోల్ కన్నా రెండు రెట్లకు పైగా వేడి లాక్కుంటుంది. ఇంజన్ వేడెక్కేదాకా వాల్వ్ మూసి ఉండగానే కొట్టు, ఆవిరయ్యే టైమ్ దొరుకుతుంది. వేడెక్కాక కొంత భాగం వాల్వ్ తెరిచి ఉండగా పడనీ, గాలి చల్లబడి సిలిండర్‌లోకి ఎక్కువ వెళ్తుంది, పవర్ అక్కడే వస్తుంది. మరీ అటు జరిపితే మాత్రం సిలిండర్ గోడలు తడిసి ఇంజన్ ఆయిల్ పలచబడుతుంది, ఆయిల్ చూసుకుంటూ ఉండు.

ఇందుకూరుపేట రైతు:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. రొయ్యల చెరువు జనరేటర్‌కి డీజిల్ ఖర్చు తట్టుకోలేకపోతున్నాం. డీజిల్లో ఇథనాల్ కలిపి పంపు టైమింగ్ ముందుకి జరిపితే సరిపోతుందంటున్నారు, నిజమేనా?

ఒంగోలు ట్యూనర్:
వద్దన్నా, దయచేసి ఆ పని చెయ్యొద్దు. డీజిల్ స్పార్క్ లేకుండా తనంతట తానే అంటుకోవాలి, ఆ గుణాన్ని చెప్పే సీటేన్ నంబర్ మన డీజిల్‌కి కనీసం 51, ఇథనాల్‌కి 8 దగ్గర. టైమింగ్ జరిపితే ఆలస్యం కొంత సర్దుకుంటుంది గానీ, అంటుకున్నప్పుడు ఒక్కసారిగా అంటుకుని కొడుతుంది. పంపుకి డీజిలే లూబ్రికేషన్, అది పలచబడితే పంపు అరుగుతుంది. నీళ్లు తగిలితే రెండూ విడిపోతాయి. పైగా కలిపిన డ్రమ్ము నిప్పురవ్వకి ఇట్టే అంటుకుంటుంది. స్వీడన్‌లో స్కానియా అనే బస్సుల కంపెనీ వాళ్లు ఇథనాల్ మీద బస్సులు నడిపారు, కానీ అందుకోసం కంప్రెషన్ 28:1కి పెంచి, అంటుకోవడానికి వేరే మందు కలిపారు. రాత్రి చెరువుకి గాలి అందించే ఏరేటర్ ఆగితే రొయ్యలు తేలిపోతాయి, ఆ రిస్క్ నీకెందుకు?

కావలి స్టూడెంట్:
అన్నా, లాగ్ తీశాం, డ్యూటీ సైకిల్ 85 దాటే ఉంది. పెద్ద ఇంజెక్టర్ నెల్లూరులో దొరుకుతుందా, చెన్నై వెళ్లాలా?