తిండి గురించి రీల్స్‌లో చెప్పేవాటిలో నిజమెంతో పిల్లలే తేల్చుకునేలా ఎలా నేర్పాలి?

ప్రశ్న (బయాలజీ టీచర్):
14-16 ఏళ్ల పిల్లలకి 45 నిమిషాల క్లాసు ఒకటి తీసుకోవాలి. "ఇది అబద్ధం, అదీ అబద్ధం" అని చదువుకుంటూ పోతే వారం తిరిగేసరికి కొత్తది పుడుతుంది. పైగా పచ్చి అబద్ధాల కన్నా సగం నిజాలే ఎక్కువ. వాటిని పట్టుకోవడం ఎలా నేర్పాలండీ?

జవాబు (డైటీషియన్):
పది రీల్స్ వద్దు, ఒక్కటి తీసుకుని విప్పి చూపించండి. "స్పైరులినాలో (నీటిలో పెరిగే నాచులాంటిది, ఎండబెట్టి పొడిగా అమ్ముతారు) గుడ్డు కంటే నాలుగు రెట్లు ప్రోటీన్" అన్నది బాగా పనికొస్తుంది, ఎందుకంటే లెక్క తప్పు కాదు. 100 గ్రాముల ఎండు పొడిలో సుమారు 57 గ్రాములు ఉంటుంది, 100 గ్రాముల గుడ్డులో 12-13. కానీ ఆ పొడిని 100 గ్రాములు ఎవరు తింటారు? టీస్పూన్‌లో పట్టేది రెండు మూడు గ్రాములు, అంటే ప్రోటీన్ గ్రామున్నర అటూ ఇటూ. ఒక్క గుడ్డులో 6 గ్రాములు. టేబుల్ మీద చిన్న త్రాసు పెట్టి పొడిని పిల్లల చేతే తూయించండి. అంకె కనబడ్డాక రీల్ ఏం దాచిందో మీరు చెప్పక్కర్లేదు.

అదే పొడిని విటమిన్ బి12 కోసమని కూడా అమ్ముతారు. అందులో ఉన్నది చాలావరకు మన ఒంటికి పనిచేయని సూడో బి12. ఇది త్రాసుకి దొరకదు, బయట వెతకాల్సిందే.

జవాబు (లైబ్రేరియన్):
ఆ వెతకడం గురించి. వీడియోనే మళ్లీ మళ్లీ చూస్తే ఏమీ తేలదు. తెల్లకోటు, గ్రాఫు ఎవరైనా పెట్టుకోవచ్చు. ముందు వీడియో ఆపించి, అందులో చెప్పినదాన్ని ఒక్క వాక్యంలో రాయమనండి. "టాక్సిన్స్ పోతాయి" అని రాస్తే ఏ టాక్సిన్, ఎంత ఉండేది, ఎంతకి తగ్గింది అని అడగండి. జవాబు లేకపోతే పరీక్షించడానికి అక్కడ ఏమీ లేనట్టే. ఉంటే ఇంకో ట్యాబ్‌లో ఆ మనిషి పేరు, ఆ వాక్యం విడివిడిగా వెతకాలి. బయోలో డిస్కౌంట్ కోడ్ ఉన్నంత మాత్రాన అబద్ధమని కాదు, అమ్మకంతో సంబంధం లేని ఇంకొకరి మాట కూడా కావాలని.

"స్టడీ" అన్నారంటే మనుషుల మీదా ఎలుకల మీదా, ఎంతమంది, ఎన్నాళ్లు అని చూడాలి. 2015లో జాన్ బొహానన్ అనే జర్నలిస్టు, చాక్లెట్ తింటే త్వరగా బరువు తగ్గుతారని కావాలనే ఒక బలహీనమైన స్టడీ తయారుచేశాడు: 15 మంది, 3 వారాలు, 18 కొలతలు. పత్రికలు నిజమనుకుని వేసేశాయి. కిటుకు ఆ 18లో ఉంది. అసలు తేడా ఏమీ లేకపోయినా ఒక్కో కొలతలో సుమారు 20లో ఒకసారి కాకతాళీయంగా తేడా ఉన్నట్టు కనబడొచ్చు, ఒక్కో కొలత ఒక్కో చీటీ తీయడం లాంటిది. 20 చీటీల్లో ఒకదాని మీద "తేడా ఉంది" అని రాసి, తీసింది మళ్లీ వేస్తూ 18 సార్లు తీయించండి. ఒక్కసారైనా ఆ చీటీ వచ్చే అవకాశం 60 శాతం. నాలుగు గుంపులతో చేయిస్తే సాధారణంగా రెండు మూడు గుంపులకి "ఫలితం" వచ్చేస్తుంది.

ప్రశ్న (బయాలజీ టీచర్):
చీటీల ఆట బాగుంది, చేయిస్తాను. మరి "ఇది తింటే క్యాన్సర్" రకం?

జవాబు (డైటీషియన్):
ప్రాసెస్డ్ మాంసాన్ని (సాసేజ్, బేకన్ లాంటివి) తీసుకోండి. 2015లో ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ) దాన్ని పొగాకు ఉన్న గ్రూప్ 1లోనే, అంటే క్యాన్సర్ తెప్పిస్తాయని రుజువైనవాటి జాబితాలోనే పెట్టింది. "సిగరెట్టంత ప్రమాదం" అనే రీల్స్ అక్కడ పుట్టినవే. ఆ గ్రూపు చెప్పేది రుజువు ఎంత గట్టిదో, ప్రమాదం ఎంత పెద్దదో కాదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నారు. 100 మందిలో 5గురికి వచ్చేదైతే దాదాపు 6గురికి అన్నమాట. బోర్డు మీద 100 చుక్కలు పెట్టి 5 నింపండి, తర్వాత ఆరోది. కొట్టిపారేయాల్సిన తేడా కాదు, అలాగని 18 చుక్కలూ కాదు.

జవాబు (స్కూల్ కౌన్సెలర్):
అన్నీ అబద్ధపు రీల్సే చూపిస్తే పిల్లలు డాక్టర్ చెప్పిందీ నమ్మడం మానేస్తారు. ఆరు చూపిస్తే మూడు నిజమైనవి ఉండాలి. "ముందు-తర్వాత" ఒంటి ఫోటోలు, రోజుకి ఇన్ని క్యాలరీలే అనే వీడియోలు అసలు వద్దు. తిండి విషయంలో ఇప్పటికే నలిగిపోతున్న పిల్ల క్లాసులో ఉంటే ఆ అంకె పట్టుకుని వెళ్లిపోతుంది. ఎవరు ఏం తింటారని అడగడమూ వద్దు.

ఇంకొకటి, పిల్లల ఫోన్లలో ఆ వీడియోలు తెరిపించకండి. కాసేపు చూస్తే చాలు, మర్నాటి నుంచి ఫీడ్ నిండా అవే. స్క్రీన్‌షాట్లు తీసి, లైకుల సంఖ్య కత్తిరించి ప్రింట్ ఇవ్వండి.