అరకు ఘాట్ మోడల్ రైలు లేఅవుట్‌లో కొండ: ఫోమ్ చెక్కాలా, జాలీ మీద ప్లాస్టర్ వేయాలా?

త్యాడ87:
కొత్తవలస–కిరండూల్ లైన్లో త్యాడ, చిమిడిపల్లి ప్రాంతంలో కనిపించే ఘాట్ దృశ్యాన్ని మోడల్ రైళ్ల హెచ్‌వో స్కేల్లో, అంటే అసలులో 87వ వంతు సైజులో (1:87) కట్టాలి. 8×4 అడుగుల బల్ల, పైన 12 ఎంఎం ప్లైవుడ్. పొడవు వైపు గోడకి ఆనించి ఉంటుంది. వెనక మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తు కొండ. కొండ కింద ఒక సొరంగం, ముందువైపు ఒక వంతెన. రైలు కొండెక్కి తన పట్టా మీదుగానే దాటి కిందికి రావాలి. గది విశాఖలో, ఏసీ లేదు. ఎక్స్‌పీఎస్ ఫోమ్ చెక్కమని కొందరు, జాలీ మీద ప్లాస్టర్ గుడ్డ పరచమని కొందరు అంటున్నారు. రెండూ మంచివే అని సరిపెట్టకుండా ఏదో ఒకటి చెప్పండి, కారణంతో సహా.

ఫోమ్‌కత్తి:
ఫోమ్. అయితే ఏ ఫోమో ముందు తేలాలి. టీవీ పెట్టెలో వచ్చే తెల్ల థర్మాకోల్ వద్దు. కోస్తే పూసలు రాలి, స్టాటిక్‌తో పట్టాలకీ ఇంజన్ చక్రాలకీ అంటుకుంటాయి, అంచు కూడా నున్నగా రాదు. కావాల్సింది డాబాల మీద వేడి ఆపడానికి పరిచే ఎక్స్‌పీఎస్ బోర్డు. 50 ఎంఎం మందం, 1250×600 ఎంఎం సైజు, ఘనమీటరుకు 32 కిలోల సాంద్రత. 40 సెంటీమీటర్ల ఎత్తుకి ఎనిమిది వరసలు పడతాయి. పైకి పోయేకొద్దీ వరస చిన్నదవుతుంది కాబట్టి ఐదు షీట్లలో పని అవుతుంది.

అతికించడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. షీటంతా ఫెవికాల్ పూసి మీద ఇంకో షీటు పెడితే మధ్యకి గాలి తగలదు, రోజులు గడిచినా పచ్చిగానే ఉంటుంది. చెక్కేటప్పుడు కత్తి ఆ జిగురులో ఇరుక్కుంటుంది. అంచులకి దగ్గరగా చుక్కలు పెట్టి, వెదురు పుల్లలు ఏటవాలుగా గుచ్చి, రెండు రోజులు బరువు పెట్టండి. చెప్పులు అతికించే రబ్బరు గమ్, థిన్నర్, స్ప్రే పెయింట్ దగ్గరికి రానివ్వకండి. ఫోమ్ కరిగి గుంటలు పడుతుంది.

కోతకి 18 ఎంఎం స్నాప్ బ్లేడ్ కత్తి చాలు. బ్లేడుకి కొవ్వొత్తి మైనం రాస్తే జారుతూ దిగుతుంది. వేడి తీగతో కోసేవాళ్లు తీగని ఎర్రబడనివ్వకూడదు. పొగ లేస్తోందంటే వేడి ఎక్కువైనట్టే, ఆ పొగ పీల్చకూడదు. కిటికీలు తెరిచి, ఫ్యాన్ గాలి బయటికి పోయేలా పెట్టుకోండి.

ఫోమ్ వైపు నేను నిలబడే కారణం ఒకటే: మార్చుకోవచ్చు. వాలు నచ్చకపోతే ఒక ముక్క కోసి ఇంకో ముక్క అతికిస్తే పోయింది. ప్లాస్టర్ గట్టిపడ్డాక ఆ వెసులుబాటు ఉండదు.

జాలీప్లాస్టర్:
ఫోమ్ తేలిక అని అందరూ అనుకుంటారు, లెక్క వేస్తే అలా తేలదు. మీటరు × 60 × 40 సెంటీమీటర్ల పెట్టెలో సగం కొండ అనుకుంటే 0.12 ఘనమీటరు. ఘనమీటరుకు 32 కిలోల చొప్పున దాదాపు 3.8 కిలోలు. అదే కొండకి 3 ఎంఎం ప్లాస్టర్ పెంకు వేస్తే ఉపరితలం 1.2 చదరపు మీటర్లు, ఆరాక దాదాపు 4 కిలోలు. తేడా లేనట్టే. డబ్బు మాత్రం ఫోమ్‌కే ఎక్కువ, పైగా అందులో చాలా భాగం ఎవరికీ కనబడని కొండ కడుపులోకి పోతుంది.

పెంకు లోపల బోలుగా ఉంటుంది. సొరంగంలో పట్టాలు తప్పిన పెట్టెని వెనక నుంచి చెయ్యి పెట్టి తీయొచ్చు. నిండు ఫోమ్‌లో సొరంగం అంటే కొండని మళ్లీ తవ్వడమే.

కొలతలు ఇవీ. మందుల షాపులో దొరికే 15 సెంటీమీటర్ల ప్లాస్టర్ బ్యాండేజ్ ఒక్కో రోల్ 2.7 మీటర్లు. ఒక పట్టీ మీద ఇంకోటి సగం పడేలా పరిస్తే రెండు పొరలవుతాయి, మీ కొండకి ఆరు రోల్స్. ముక్కలకి ఒకటి రెండు అదనంగా తెచ్చుకోండి. గోరువెచ్చని నీళ్లలో మూడు నాలుగు సెకన్లు ముంచి, పిండకుండా పరిచి, వేళ్లతో రుద్ది రంధ్రాలు మూయాలి. కింద కోడి జాలీ వాడకండి. కత్తిరించిన ఇనుప తీగ ముక్కలు పట్టాల మీద పడితే ఇంజన్ మోటారు అయస్కాంతం లాక్కుంటుంది, గేర్లలో ఇరుక్కుంటాయి. అల్యూమినియం దోమల జాలీ తీసుకోండి. అట్టముక్కల అల్లిక చవకే కానీ విశాఖ తేమకి మెత్తబడి కుంగుతుంది, చెదలు కూడా పడతాయి.

ఖొండలైట్:
ఇద్దరూ పదార్థం గురించే చెబుతున్నారు. అసలు ఏ కొండ కడుతున్నారో చూడండి. తూర్పు కనుమలు ఆల్ప్స్ కాదు. గుండ్రటి నెత్తి, ఎర్రమట్టి, దాని మీద దట్టమైన చెట్లు. నిలువు రాయి కనిపించేది రైల్వే వాళ్లు తవ్విన కట్టింగుల దగ్గర, సొరంగాల నోళ్ల దగ్గర, వాగు కోసిన చోట. అంటే ఈ కొండలో పదో వంతు రాయి, మిగతా అంతా మట్టీ ఆకూ. చెట్ల కోసం అతికించే ఎండిన నాచు కింద పోయే వాలుని అంత శ్రద్ధగా చెక్కడం దేనికి?

విదేశీ రబ్బరు అచ్చులతో పోసిన రాళ్లు ఇక్కడ పెడితే కొండ ఇంకో దేశానిదిగా కనిపిస్తుంది. ఇక్కడి ఖొండలైట్ రాయి పొరలు పొరలుగా, ఒక వైపు వాలి, గాలివాన తగిలిన చోట తుప్పు రంగులో ఉంటుంది. అచ్చు ఇంట్లోనే చేసుకోవచ్చు: అల్యూమినియం ఫాయిల్ నలిపి, సగం విప్పి, మడతలన్నీ ఒకే దిక్కుకి పోయేలా సర్ది, అందులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయండి. రెండు పాళ్ల పొడికి ఒక పాలు నీళ్లు. నీళ్లలోకి పొడి చల్లాలి, పొడిలోకి నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. త్వరగా బిగుస్తుంటే నాలుగైదు చుక్కల వెనిగర్ కలపండి. పెరుగంత చిక్కబడ్డాక ఫాయిల్‌తో సహా కొండకి నొక్కి పట్టి, గట్టిపడ్డాక ఫాయిల్ ఒలిచేయాలి. అన్ని ముక్కల పొరలూ ఒకే కోణంలో వాలాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటే చూసేవాడికి కారణం తెలియకపోయినా కన్ను ఒప్పుకోదు.

రంగు: ముందు బాగా పలచన చేసిన బర్న్ట్ సియెన్నా (ఎరుపు కలిసిన గోధుమ రంగు), ఆరాక అంతే పలచగా నలుపు, అది పగుళ్లలోకి దిగుతుంది. చివర పొడి బ్రష్‌తో లేత గోధుమ రంగు అంచులకి మాత్రమే.

ఫోమ్‌కత్తి:
జాలీప్లాస్టర్ గారూ, బరువు లెక్క నిండు దిమ్మకి సరైనదే. కానీ వరసల్ని నిండుగా పేర్చాలని ఎక్కడా లేదు. ప్రతి వరసనీ 10 సెంటీమీటర్ల వెడల్పు చుట్టలా కోసి, మధ్యది తీసేసి పై వరసకి వాడుకోవచ్చు. షీట్లు ఐదు కాదు, మూడు చాలు. బరువూ సగానికి పడుతుంది, కొండ కడుపు కూడా ఖాళీ. మీరు చెప్పిన సొరంగం సౌకర్యం అందులోనూ ఉంటుంది.

జాలీప్లాస్టర్:
చుట్టల పద్ధతికి నా అభ్యంతరం లేదు. ఆ చుట్టల లోపలి గోడలకి మాత్రం నల్ల ఎమల్షన్ పూయండి, లేకపోతే సొరంగంలోంచి గులాబీ రంగు ఫోమ్ కనిపిస్తుంది. ఎలుకలున్న ఇంట్లో ఫోమ్ అడుగు మూయకుండా వదలడం కూడా మంచిది కాదు, కొరికి గూడు పెడతాయి.

పట్టా16.5:
కొండ కంటే ముందు పట్టా దగ్గర ఒక చిక్కుంది. రైలు తన పట్టా మీదుగానే దాటాలన్నారు. కింది రైలు తలకి చోటు, పై వంతెన మందం కలిపితే 100 ఎంఎం ఎత్తు కావాలి. 2 శాతం వాలులో 100 ఎంఎం ఎక్కడానికి 5 మీటర్లు, దిగడానికి ఇంకో 5. మీ బల్ల మీద 22 అంగుళాల వ్యాసార్ధంతో గీసిన ఓవల్ చుట్టుకొలతే 6 మీటర్లు. 4 శాతం పెడితే లెక్క సరిపోయినట్టు ఉంటుంది కానీ వంపులో చక్రాల రాపిడి కూడా తోడై ఆరు పెట్టెల రైలు నడుమ నిలిచిపోతుంది. ఆ ఆలోచన వదిలేయండి.

సొరంగం వెడల్పు కూడా లెక్కించాకే పోర్టల్ (సొరంగం నోరు) కొయ్యండి. ఐసీఎఫ్ (చెన్నై పెరంబూరు ఫ్యాక్టరీ) పెట్టె 21.3 మీటర్లు, మన స్కేల్లో 245 ఎంఎం. పెట్టె కింద రెండు కొసల్లో ఉండే చక్రాల బండ్ల (బోగీల) మధ్య దూరం 170, వెడల్పు 37 ఎంఎం. 559 ఎంఎం వ్యాసార్ధం వంపులో పెట్టె నడుము లోపలికి ఆరున్నర ఎంఎం, కొసలు బయటికి ఏడు ఎంఎం తోసుకొస్తాయి. మొత్తం 51 ఎంఎం, అటూ ఇటూ సందు కలిపి 65 ఎంఎం ఉంచండి. తిన్నటి పట్టా మీద 50తో సరిపోయే పోర్టల్ వంపులో పెట్టె మూల గీరుతుంది. ఈ లైన్లో పైన కరెంటు తీగ ఉంది కాబట్టి పట్టా నుంచి ఎత్తు 75 ఎంఎం. నిర్ధారణకి మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన పెట్టె నడుముకీ కొసకీ పెన్సిల్ కట్టి, వంపులో చేత్తో తోసి గీతలు గీయండి.

ఇంకోటి, పట్టా గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 16.5 ఎంఎం. మన బ్రాడ్ గేజ్ 1676 ఎంఎం ఈ స్కేల్లో 19.3 అవ్వాలి. దొరికే పట్టాతోనే పోవాలి కాబట్టి కంకర అంచుని కాస్త వెడల్పుగా పోస్తే ఆ సన్నదనం తక్కువ కనిపిస్తుంది.

చేతిదూరం:
బల్ల 122 సెంటీమీటర్ల లోతు, వెనక గోడ. మనిషి చెయ్యి సౌకర్యంగా అందేది 70–75 సెంటీమీటర్లు. వెనక వరస పట్టా మొత్తం అందని చోట ఉంది, అందులో కొంత సొరంగంలో. ఫోమా ప్లాస్టరా అన్నది ఈ ఒక్క విషయమే తేలుస్తుంది: కొండ ఊడి రావాలి. ప్లాస్టర్ పెంకుని పదే పదే ఎత్తితే అంచులు విరుగుతాయి. ఫోమ్ చుట్టల కొండ కింద 6 ఎంఎం ప్లైవుడ్ చట్రం అతికించి, బల్లకి రెండు చెక్క కొయ్యలు పెట్టి వాటి మీద కూర్చోబెట్టండి. రాయి కనిపించే చోట మాత్రం ఖొండలైట్ గారు చెప్పిన ప్లాస్టర్. అతుకు గీతని కట్టింగ్ మొదలయ్యే చోటో, వాగు గట్టు వెంటో పోనిస్తే పొదలు దాచేస్తాయి. బల్లకి చక్రాలు పెట్టి ముందుకి లాగొచ్చు కదా అంటారు, గది చిన్నదైతే అది కుదరదు.

ఓపెన్‌ఫ్రేమ్:
నేను అడిగేది వేరు. ఘాట్ లైన్ అనిపించేది పైనున్న కొండా, కిందనున్న లోయా? కిరండూల్ లైన్లో శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది. దాన్ని ఈ స్కేల్లో కట్టాలంటే 11.4 మీటర్లు. మీ 40 సెంటీమీటర్ల కొండ అసలులో 35 మీటర్ల గుట్ట. ఎత్తుతో ఎంత పెనుగులాడినా ఘాట్ అనిపించదు. ఆ రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవాడికి గుర్తుండేది ఒక పక్క గోడలా లేచిన కొండ, ఇంకో పక్క కళ్లకింద జారిపోయే లోయ. చదును ప్లైవుడ్ మీద కొండ పెడితే నేల మీద బోర్లించినట్టు ఉంటుంది, పట్టా పొలంలో పోతున్నట్టు ఉంటుంది.

కాబట్టి పట్టాని ఎత్తకండి, నేలని దించండి. ముందు భాగంలో పట్టా వెంట 65 ఎంఎం పట్టీ వదిలి, మిగతా ప్లైవుడ్‌ని జిగ్‌సాతో కోసేయండి. కింద 1×3 అంగుళాల చెక్క చట్రం, పట్టీకి ప్రతి 30–40 సెంటీమీటర్లకి ఒక ఊత. అంతకంటే దూరం పెడితే 12 ఎంఎం పట్టీ కుంగి పట్టా అలలు తిరుగుతుంది. లోయ 20 సెంటీమీటర్లు దిగితే వంతెన కింద 17 మీటర్ల లోతు వచ్చినట్టు. పట్టా మట్టంగానే ఉంటుంది, వాలు గొడవ లేదు, రైలు ఆగదు, అయినా చూసేవాడికి ఎత్తులో పోతున్నట్టే ఉంటుంది.

త్యాడ87:
ఓపెన్‌ఫ్రేమ్ గారూ, ప్లైవుడ్ కోస్తే బల్ల బలం పోదా? లోయ దించితే వెనక కొండ ఎత్తు తగ్గించాలా?

ఓపెన్‌ఫ్రేమ్:
బలం చట్రానిది, ప్లైవుడ్‌ది కాదు. కోయడానికి ముందే చట్రం స్క్రూలతో బిగించండి, తర్వాత కోతకి దిగండి. కొండ ఎత్తు మాత్రం తగ్గించొద్దు. తవ్వాల్సిన లోతు సుమారు 20 మీటర్లు దాటితేనే కట్టింగ్ బదులు సొరంగం తవ్వడం గిట్టుబాటు అంటారు. ఆ 20 మీటర్లు మీ స్కేల్లో 230 ఎంఎం. సొరంగం మీద కనీసం అంత కొండ లేకపోతే ఇక్కడ తవ్వాల్సిన అవసరమేముందని తెలిసినవాడు అడుగుతాడు. 40 సెంటీమీటర్లకి ఆ చిక్కు లేదు. కొండలో ప్రతి మడతా కిందికి దిగి ఒక కల్వర్టు దగ్గరో వంతెన దగ్గరో తేలాలి. నీటికి దారి లేని చోట పట్టా ఉంటే మొదటి వానకే కట్ట కొట్టుకుపోతుంది కదా, అలాంటి చోట రైల్వే ఇంజనీరు లైన్ వేయడు.

ఖొండలైట్:
చెట్ల విషయంలో నాదొక మాట. 25 మీటర్ల సిల్వర్ ఓక్ ఈ స్కేల్లో 29 సెంటీమీటర్లు. అలాంటివి నాలుగు పెడితే కొండ పొదలా కనిపిస్తుంది. ముందు వరసలో 12 సెంటీమీటర్లు, నడుమ 6, నెత్తి మీద 3 మించకండి. పైకి పోయేకొద్దీ ఆకు రంగు కొంచెం నీలం కలిసి పాలిపోవాలి. లోయలో వలిసె పూల పసుపు కావాలంటే దృశ్యం చలికాలానిది, అప్పుడు వాగులో నీళ్లు సన్నగా, గడ్డి అక్కడక్కడా ఎండి ఉండాలి. వానాకాలం పచ్చదనంలో ఆ పసుపు కలపకండి.

నేలకి ఎర్రమట్టి జల్లించి, పెనం మీద వేయించి, అయస్కాంతం రెండు మూడు సార్లు తిప్పాకే వాడండి. ఇనుప రేణువులు ఉంటే కోడి జాలీ చేసే నష్టమే ఇదీ చేస్తుంది. ఒక పాలు ఫెవికాల్‌కి మూడు పాళ్ల నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు. జిగురు తగిలాక మట్టి ఒక ఛాయ ముదురుతుంది, అందుకని కావాల్సినదానికంటే లేత మట్టి ఎంచుకోండి.

జాలీప్లాస్టర్:
విశాఖ కాబట్టి చివరిగా ఒక జాగ్రత్త. ప్లాస్టర్ ముక్కలు చెంపకి ఆనిస్తే చల్లగా తగులుతున్నాయంటే లోపల ఇంకా తడి ఉంది. అప్పుడే రంగు వేస్తే వానాకాలంలో రంగు కింద బూజు పడుతుంది. మూడు నాలుగు రోజులు ఫ్యాన్ కింద ఉంచండి. పట్టాల మీద మాస్కింగ్ టేప్ ఆఖరి మట్టి ఆరేవరకూ తీయకండి.