లూట్ బాక్సులకు పోసిన డబ్బు వెనక్కి అడగవచ్చా?

మాది నెల్లూరు జిల్లా కావలి. పదో తరగతి చదువుతున్న మా మేనల్లుడు, స్నేహితులతో కలిసి ఫోన్‌లో ఆడే ఒక తుపాకుల ఆటలో, మా అక్క యూపీఐ ఖాతా నుంచి విడతలు విడతలుగా లూట్ బాక్సులు, అంటే తెరిచేదాకా లోపల ఏ వస్తువుందో తెలియని పెట్టెలు, కొన్నాడు. పెట్టె ధర 60 వజ్రాలని (ఆటలో చెల్లే నాణేలు) చూపిస్తారు గానీ వజ్రాలను 50, 100 చొప్పున కట్టలుగానే అమ్ముతారు కాబట్టి, ప్రతిసారీ కొన్ని మిగిలిపోయి మళ్లీ కొనాలనిపిస్తుంది. రూపాయల లెక్క కంటికి ఆననే ఆనదు. వాడు కోరుకున్న తుపాకీ స్కిన్ (ఆటలో తుపాకీకి తొడిగే కొత్త రూపం) వచ్చే అవకాశం ఒక శాతమని ఎక్కడో మెనూ లోపల చిన్న అక్షరాలతో రాశారు. వంద పెట్టెలు తెరిస్తే తప్పక వస్తుందని వాడి నమ్మకం. ప్రతి పెట్టె అవకాశం విడివిడిగా లెక్కయితే, వంద తెరిచినా రాకుండా పోయే అవకాశం దాదాపు 37 శాతం. తిరునాళ్లలో రింగులాటకైనా సబ్బుబిళ్ల ఎంత దూరంలో ఉందో కనబడుతుంది.

ధర చెప్పి నేరుగా అమ్మితే నాకు అభ్యంతరం లేదు, ఆటను ఉచితంగా ఇచ్చినవారు ఎక్కడో ఒకచోట సంపాదించుకోవాలి కదా. బెల్జియం 2018లోనే డబ్బుతో కొనే లూట్ బాక్సులను జూదంగా పరిగణించింది. మన దేశంలో 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. వచ్చిన వస్తువు నగదుగా మారని ఇలాంటి పెట్టెలు దాని పరిధిలోకి వస్తాయా? 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరుతో ఒప్పందం చెల్లదు గనుక ఆ వాదనతో వాపసు కోరవచ్చా, లేక ఖాతా తల్లిది కాబట్టి కుదరదంటారా? జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇటువంటి ఫిర్యాదు చేసినవారు ఎవరైనా ఉంటే, ఏయే ఆధారాలు జతచేశారో దయచేసి తెలుపగలరు.