‘కరెంట్ షేరింగ్’ తెలుగులో: పంచుకోవడమా, మోయడమా?

రెండు వేర్వేరు బ్యాటరీలను ప్యారలల్‌గా (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్) కలిపితే కరెంటు వాటి మధ్య సమంగా చీలదు. దీన్ని తెలుగులో ఏమనాలి అని అడిగారు. ఇప్పటిదాకా ‘పంపిణీలో అసమానత’, ‘కరెంటు హెచ్చుతగ్గులు’, ‘అసమానంగా పంచుకోవడం’ అనే మూడు మాటలు వచ్చాయి.

మొదటిది కుదరదు. పంపిణీ అన్నాక చేసేవాళ్లు ఒకరుండాలి, ఇక్కడ ఎవరూ లేరు. రెండోది నిజంగా ఇబ్బంది పెడుతుంది. ఒకసారి బ్యాటరీల వాడకం గురించి సూచనలు రాస్తూ నేనే ‘హెచ్చుతగ్గులు’ అని రాశాను. చదివినాయన కరెంటు కాసేపు పెరిగి కాసేపు తగ్గుతోందనుకుని చార్జర్ మార్చి చూశారు. తప్పు ఆయనది కాదు. ‘వోల్టేజీ హెచ్చుతగ్గులు’ అని రోజూ వినేవాళ్లకు ఆ మాట వినగానే ఒకే చోట మాటిమాటికీ వచ్చే మార్పే తోస్తుంది. ఒకే క్షణంలో రెండింటి మధ్య ఉండే తేడా తట్టదు.

ఇక ‘పంచుకోవడం’. ఇందులోని ‘కొను’ను గమనించండి. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నారంటే ఎవరి వాటా వాళ్లు తీసుకున్నారని. కాబట్టి చార్జింగ్ అవుతున్నప్పుడు బ్యాటరీలు కరెంటు పంచుకుంటాయి అనడం నిక్షేపంగా సరిపోతుంది, అప్పుడవి తీసుకునేవే కదా. లోడ్ మీద, అంటే ఏదైనా పరికరానికి కరెంటు అందిస్తున్నప్పుడు మాత్రం అవి ఇచ్చేవి. అక్కడ లోడ్ పంచుకుంటాయి అనాలి, ఇంకా బాగా చెప్పాలంటే ‘మోస్తాయి’.

మోయడం ఎందుకు నప్పుతుందో ఒక లెక్కలో చూపిస్తాను. రెండూ 12.6 వోల్టుల మీదే ఉన్నాయనుకుందాం. ఒకదాని అంతర్నిరోధం (కరెంటుకు బ్యాటరీ లోపలే ఎదురయ్యే అడ్డు) 0.01 ఓం, రెండోది పాతబడి 0.03 ఓం. తీగల నిరోధం వదిలేద్దాం. లోడ్ 40 ఆంపియర్లు అడిగితే మొదటిది 30, రెండోది 10 ఇస్తాయి. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు మోసినట్టు.

ఇప్పుడు మొదటిది 12.8 వోల్టులు, రెండోది 12.4 అనుకోండి. అదే లోడ్‌కు మొత్తం 40 ఆంపియర్లూ మొదటిదే మోస్తుంది, రెండోది సున్నా! లోడ్ తీసేస్తే మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి 10 ఆంపియర్లు పారుతుంది. ఈ లెక్క చూశాక ‘పంచుకోవడం’ అనడానికి నాకు నోరు రాదు. ఆ మాటలో ఎంతోకొంత ఒప్పందం ధ్వనిస్తుంది, ఇక్కడ వోల్టేజీ, నిరోధం తప్ప మరేమీ లేవు. పైగా ఈ వాటాలు స్థిరం కాదు. మొదటిది దిగుతున్న కొద్దీ రెండోది భారం అందుకుంటుంది.

అందుకని నా ప్రతిపాదన: పాఠ్యపుస్తకంలో రాసేటప్పుడు ‘అసమ విద్యుత్ విభజన’, పనిచేసే చోట మాట్లాడుకునేటప్పుడు ‘వాటాల్లో తేడా’. ‘ఈ బ్యాటరీ ఎక్కువ మోస్తోంది’ అంటే వివరణ అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

లోడ్ లేనప్పుడు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పారే ఆ కరెంటుకు మాత్రం నాకింకా మంచి మాట దొరకలేదు. ‘ఎదురు కరెంటు’ అందామనుకున్నాను కానీ, అది రెండో బ్యాటరీ వైపు నుంచి చూస్తేనే ఎదురు, మొదటిదానికి మామూలు దిశే. బ్యాటరీల పనిలో ఉన్నవాళ్లు దీన్ని ఏమంటున్నారో చెప్పండి.