ఆపరేషన్ చేసి కొండ మీదికి పంపేశారు, ఇప్పుడు కుట్లు ఎవరు తీస్తారు?

కొండకింద_బడి
నేను మెళియాపుట్టి వైపు ఒక చిన్న బడిలో టీచర్ని. మా నాలుగో తరగతి పిల్లాడి నాన్న, సవర తెగ ఆయన, జీలుగు కల్లు దించుతూ చెట్టు మీంచి పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. టౌన్లో ఒక ఆసుపత్రిలో (పేరొద్దు) రాడ్ వేశారు. ఆపరేషన్ బాగానే చేశారు, అందులో వంక పెట్టను. గొడవంతా ఆ తర్వాతే. సాయంత్రం నాలుగింటికి "నీకు డిశ్చార్జి" అన్నారట. ఆటోలో కొండ మొదలుకి వచ్చేసరికి చీకటి పడిపోయింది, అక్కణ్ణుంచి డోలీ కట్టి నలుగురు కుర్రాళ్ళు సెల్ లైట్ల వెలుగులో మోసుకెళ్ళారు.

పిల్లాడు బడికి రావట్లేదని పదకొండో రోజు నేనే ఇంటికి వెళ్ళాను. దూలానికి ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది. ఎక్స్‌రే, కాగితాలు, మాత్రలు అన్నీ అందులోనే. రెండు వారాలకి వచ్చి కుట్లు తీయించుకోవాలని కాగితంలో ఇంగ్లీషులో ఉంది, ఆయనకి ఆ సంగతే తెలీదు. నొప్పి మాత్రలు నొప్పి పుట్టినప్పుడల్లా మింగి అవగొట్టేశాడు. యాంటీబయాటిక్ మాత్రం అట్టలో రెండంటే రెండు ఖాళీ. ఏం అంటే "టిఫిన్ తిన్నాక వేసుకోమన్నారు సార్, మాకు టిఫిన్ ఎక్కడిది" అన్నాడు. పొద్దున్న వాళ్ళు తాగేది అంబలి. అంబలి తాగాక వేసుకో అని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

కట్టు మురికిపట్టి ఉంది, ఒకచోట కాస్త తడి. మళ్ళీ టౌన్‌కే తీసుకెళ్ళాలా, పీహెచ్‌సీలో కుట్లు తీస్తారా? ఆటోవాడు రానూపోనూ 1,800 అంటున్నాడు. ఐటీడీఏని (గిరిజనాభివృద్ధి సంస్థ) అడుగుదామంటే జిల్లాలు మారాక ఎవరిని అడగాలో కూడా అర్థం కావట్లేదు.

వార్డు_అక్క
మాస్టారూ, విజయనగరంలో స్టాఫ్ నర్సుని. కుట్ల సంగతి తర్వాత, ముందు ఆ తడి సంగతి చూడండి. పదకొండో రోజున కట్టు తడిగా ఉండకూడదు. చీము, వాసన, చుట్టూ ఎర్రగా వేడిగా ఉండటం, జ్వరం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రేపటిదాకా ఆగొద్దు, ఇవాళే డాక్టరుకి చూపించండి. పిక్క గట్టిగా వాచి నొప్పెడుతున్నా, ఆయాసం గానీ గుండెలో నొప్పి గానీ వచ్చినా పీహెచ్‌సీ కాదు, నేరుగా 108కి ఫోన్ చెయ్యండి. మిగిలిన యాంటీబయాటిక్ ఇప్పుడు మీ అంతట మీరు మొదలుపెట్టించకండి, అట్టతో సహా డాక్టరుకి చూపించి ఆయన చెప్పినట్టు చెయ్యండి.

ఇవేవీ లేకపోతే డ్రెస్సింగు, కుట్లు తీయడం పీహెచ్‌సీలో అయిపోతాయి. డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రే రెండూ పట్టుకెళ్ళండి. కానీ రాడ్ వేసిన కాలు మీద బరువు ఎప్పుడు వెయ్యొచ్చో చెప్పాల్సింది ఆపరేషన్ చేసిన డాక్టరే, కాబట్టి ఒక్కసారైనా అక్కడికి వెళ్ళక తప్పదు. ఈలోగా నడిపించకండి. మడమ, కాలి వేళ్ళు ఆడిస్తూ ఉండమన్నారా లేదా అదీ కాగితంలో చూడండి.

మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. డిశ్చార్జి అనగానే సంతకాలు, ఆన్‌లైన్ పని, ఇంకో పక్క ఆ మంచం కోసం స్ట్రెచర్ మీద ఎదురుచూసే మనిషి. మాత్రల గురించి చెప్పేది ఆ హడావుడిలో రెండు నిమిషాలు. "అర్థమైందా" అంటే కొండ నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా తల ఊపుతారు, అది అర్థమై కాదు, మొహమాటంతో. నేనైతే ఆ మాట అడగడం మానేశాను. "ఇంటికెళ్ళాక ఈ తెల్ల మాత్ర ఎప్పుడు వేసుకుంటావు, నువ్వు చెప్పు" అంటాను. అప్పుడు బయటపడుతుంది ఎంత ఎక్కిందో. అట్ట మీద మార్కర్‌తో పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చందమామ గీస్తాను, పూట పూటకీ వేరే కవరు. మా సిస్టర్లు నవ్వుతారు, నవ్వనీ.

టెక్కలి_బాబు
చదువుకోకపోతే ఆసుపత్రివాళ్ళేం చేస్తారండీ. పది రోజులు వాళ్ళ గూడలో ఒక్కరూ కాగితం చదవలేదా? పైగా ముందు ఎజ్జోడి (వాళ్ళ నాటువైద్యుడి) దగ్గరికే వెళ్తారు.

సవర_కుర్రోడు
బాబు గారూ, నేను డిగ్రీ చదివాను, ఆ కాగితంలో డాక్టరు రాత నాకూ అర్థం కాదు, మీకు అవుతుందా? ఎజ్జోడంటారా, మా తాతకి జబ్బు చేస్తే ఆయన కొండెక్కి ఇంటికొచ్చి పక్కన కూర్చుని మా భాషలో మాట్లాడాడు. ఆసుపత్రి నుంచి ఎవరైనా వచ్చారా? ఆయన పసరు కట్టే ముందు కుట్లు తడపొద్దని ఆయనకీ ఒక మాట చెప్తే వింటాడు, మా ఊళ్ళో ఆశా అక్క అదే చేసింది. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని నిఘంటువే రాశారు. వందేళ్ళు దాటింది, వార్డులో సవర మాట్లాడే మనిషి ఒక్కరు దొరకరు.

మాస్టారూ, ఒక మాట. మా ఇళ్ళ ముందు అంతా వాలు. చంకకర్రలు చదును నేల మీద నేర్పి పంపుతారు, రాళ్ళ మీద మొదటి రోజే జారతాడు. మా బావకి అలాగే అయింది. దొడ్డికి ఎలా వెళ్తున్నాడో అడగండి, సిగ్గుతో చెప్పడు. మేం పాత కుర్చీ మధ్యలో కోసి పెట్టాం.

మిత్ర_డెస్క్
డబ్బు సంగతి నేను చెప్తా. ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కింద జరిగి ఉంటే, డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు, ఇంటికి వెళ్ళే ఛార్జీ ప్యాకేజీలోనే ఉంటాయి. ఛార్జీ ముట్టిందో లేదో ఆయన్నే అడగండి, తెలీకుండానే సంతకం పెట్టి ఉండొచ్చు. ముట్టకపోతే ఆ ఆసుపత్రిలో వైద్యమిత్రని (ఈ పథకం తరఫున రోగులకి సాయపడే మనిషి) అడగండి, అప్పటికీ కదలకపోతే 104కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.

ఐటీడీఏ విషయం: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఐటీడీఏ ఆఫీసున్న సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది, మెళియాపుట్టి, మందస సవర ఊళ్ళు శ్రీకాకుళంలోనే ఉండిపోయాయి. అందుకే ఈ తికమక, మీ ఒక్కరికే కాదు. ఏ ఆఫీసో తేలేదాకా కాలు ఆగదు కదా, ముందు ఏఎన్ఎంకి ఫోన్ కొట్టి 104 బండి (ఊళ్ళకొచ్చే వైద్యం బండి) మీ వైపు ఎప్పుడొస్తుందో కనుక్కోండి, తర్వాతి డ్రెస్సింగులకి పనికొస్తుంది.

కొండకింద_బడి
అందరికీ థ్యాంక్స్. మొన్ననే కిందికి దించాం, మళ్ళీ అదే డోలీ. పీహెచ్‌సీ డాక్టరు గారు విప్పి చూస్తే ఒక కుట్టు దగ్గర కొంచెం చీము, ఎముక దాకా పోలేదనే అనుకుంటున్నాం అన్నారు. శుభ్రం చేసి కొత్త మందులు రాశారు. సగం కుట్లు తీశారు, మిగతావి శుక్రవారం. ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఆయనే ఫోన్ చేసి ఫొటో పంపారు, సోమవారం రమ్మన్నారట. ఛార్జీ ముట్టలేదని తేలింది, వైద్యమిత్ర కాగితాలు తెమ్మన్నాడు.

వార్డు అక్కా, సూర్యుడూ చందమామా మా పిల్లాడి చేత గీయించాను. నాన్న కోసం పక్కన అంబలి గిన్నె కూడా వేశాడు.