అప్‌డేట్: కర్నూలులో ఫ్లాట్ తీసేసుకున్నాను

నెలలో సగం రోజులు హైదరాబాద్, బెంగళూరు తిరిగే ఉద్యోగం నాది, కర్నూలులో బస్టాండ్ దగ్గర అద్దెకు ఉండాలా, నంద్యాల రోడ్డు వైపు వెళ్లాలా అని అడిగాను కదా. చివరికి సీ క్యాంప్ వైపు రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ తీసుకున్నాను.

కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం 2021లో మొదలైనా సర్వీసులు తక్కువ కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. హైదరాబాద్ 210 కిలోమీటర్లే, నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద బస్సు ఎప్పుడైనా దొరుకుతుంది. అర్ధరాత్రి దిగినా ఇంటికి ఆటో దొరకడమే నాకు ముఖ్యం.

"2009 వరదలో ఆ వీధిలోకి నీళ్లొచ్చాయేమో కనుక్కో తమ్ముడూ" అని ఒక అక్క రాశారు. ఆమెకు చాలా రుణపడి ఉన్నాను. నాకు బాగా నచ్చిన ఫ్లాట్ హంద్రీ నది పక్కనే, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది. ఆ అక్టోబర్‌లో సామాన్లన్నీ మునిగాయని ఎదురింటి పెద్దాయన చెప్పారు. నేను ఊళ్లో లేనప్పుడు నీళ్లొస్తే సామాను పైకెక్కించేదెవరు? దాన్ని వదిలేశాను.

ఇక్కడ వాచ్‌మన్ కుటుంబం కిందే ఉంటుంది, పార్సిళ్లు వాళ్లే తీసుకుంటారు. ఎండాకాలంలో ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే ఉందని ఓనర్‌తో అగ్రిమెంట్‌లో రాయించాను. బయల్దేరేటప్పుడు గ్యాస్ రెగ్యులేటర్, బాత్‌రూమ్ వాల్వు కట్టేస్తున్నాను. ఇన్వర్టర్ ఇంకా కొనలేదు, మంచిది తెలిస్తే చెప్పండి.